ఉమూర్ బేని గాజీ అనేస్తే సరిపోతుందా?

టర్కీ చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేది ఆటోమన్లు. ఒస్మాన్, అతని కొడుకు ఒర్హాన్, ఆ తర్వాత ఎప్పుడో 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు బద్దలుకొట్టిన రెండో మెహ్మెద్. టీవీ సీరియళ్ళ పుణ్యమా అని ఈ వరస ఇప్పుడు కాలేజీ పిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ 1340లో ఏ వెనిస్ వర్తకుణ్ణో ఆపి, తురుష్కుల్లో నీకు ఎవరంటే భయం అని అడిగి ఉంటే, అతను ఒర్హాన్ పేరు చెప్పేవాడు కాదు. మోర్బసాన్ అని చెప్పేవాడు. ఏజియన్ తీరంలోని ఐదిన్ అనే చిన్న తురుష్క రాజ్యపు దొర ఉమూర్ పాషా పేరు లాటిన్ నోళ్ళలో పడి అలా తయారైంది.

ఈ ఉమూర్ గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది అతనికి ముందే ఒక వేషం కుట్టి పెట్టుకుంటారు. టర్కీలో రాసేవాళ్ళకు అతను గాజీ, అంటే మతం కోసం కత్తి పట్టిన వీరుడు. అప్పటి పోపు రాయించిన ఉత్తరాల్లో అతను క్రైస్తవుల పాలిటి శత్రువు. చూడడానికి ఇవి ఎదురెదురు మాటల్లా ఉన్నాయి గానీ, రెండూ చెప్పేది ఒకటే: ఇతను బతికిందంతా మతయుద్ధం కోసమేనని. నేను ఒప్పుకోనిది అక్కడే. అతని ముప్పై తొమ్మిదేళ్ళ జీవితంలో పెద్ద పనులన్నీ వరసగా పెట్టి చూస్తే, సగం పనులకు ఆ బిరుదు కారణం చెప్పలేదు. మిగతా సగాన్ని అది కప్పిపెడుతుంది.

ముందు అతని ఊరు, కుటుంబం సంగతి. 1243లో కోసెదాగ్ దగ్గర సెల్జుక్ సుల్తాను మంగోలుల చేతిలో ఓడిపోయాక అతను ఏలిన అనటోలియా, అంటే ఇప్పటి టర్కీలో ఆసియా భాగం, నెమ్మదిగా ముక్కలైంది. ఒక్కో ముక్కకు ఒక్కో బే, అంటే దొర. పడమటికి జరిగిన తుర్కమెన్ గుంపులు బైజాంటైన్ల (కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే గ్రీకు క్రైస్తవుల) చేతిలో ఉన్న ఏజియన్ తీరాన్ని కొద్దికొద్దిగా తినేశాయి. ఉమూర్ తండ్రి మెహ్మెద్ గెర్మియాన్ అనే అలాంటి ఒక రాజ్యపు పాలకుల కింద సైన్యాధికారి. 1308 నాటికి బిర్గి అనే కొండకింది ఊళ్ళో సొంత కుంపటి పెట్టుకున్నాడు. అదే ఐదిన్ రాజ్యం. ఆ ఊళ్ళో 1312లో అతను కట్టించిన మసీదు ఇప్పటికీ ఉంది. దాని గోడ మూలన పాత గ్రీకు కాలపు రాతి సింహం ఒకటి అతికించి ఉంటుంది. కళ్ళముందు దొరికిన రాయిని వాడేసుకోవడంలో వాళ్ళకు పెద్ద పట్టింపులు ఉన్నట్టు లేవు.

మెహ్మెద్‌కు ఐదుగురు కొడుకులు. ఊళ్ళు పంచి ఇచ్చాడు. పెద్దవాడు ఖిజిర్‌కు అయాసులుక్, అంటే పాత ఎఫెసస్. రెండోవాడు ఉమూర్‌కు ఇజ్మిర్. ఇక్కడే కిటుకు ఉంది. ఇజ్మిర్‌లో కోటలు రెండు. కొండమీది కోట 1317లోనే మెహ్మెద్ చేతికి వచ్చింది. రేవును కాచే కింది కోట మాత్రం ఇటలీ రేవుపట్నం జెనోవా వాడైన మార్తీనో జకరియా చేతిలో ఉంది. ఈ జకరియాలు మామూలు వర్తకులు కాదు. ఫోకియా పటిక గనులూ ఖియోస్ ద్వీపం మస్తకీ బంకా వాళ్ళ గుప్పిట్లో ఉండేవి. అంటే కొండమీద ఉన్నవాడికి సముద్రం కనిపిస్తుంది, దాని ఆదాయం మాత్రం కిందివాడికి పోతుంది. ఇరవయ్యేళ్ళ ఉమూర్ రెండేళ్ళకు పైగా ముట్టడి వేసి 1329 ప్రాంతంలో ఆ కింది కోట పట్టాడు. అక్కడి నుంచే అతను నౌకల దొర అయ్యాడు. దీన్ని మతయుద్ధం అనొచ్చు, ఎవరూ కాదనరు. రేవు లేని రేవుపట్నం ఎవరికి మాత్రం కావాలి అని కూడా అనొచ్చు.

1334లో తండ్రి చనిపోయాక, అన్న ఖిజిర్ ఉండగానే, పెద్ద బేగా పీఠం ఎక్కింది ఉమూరే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అప్పటికే గలిపొలి దాకా, యుబోయా దాకా దాడులు చేసి, దోపిడీ సొమ్ము తెచ్చి, దాన్ని నలుగురికీ పంచినవాడు అతను. అలాంటివాడి వెంటే జనం నడుస్తారు.

ఆ రోజుల్ని కళ్ళారా చూసి రాసినవాడు ఒకడున్నాడు, మనకు బాగా తెలిసినవాడే. ఇబ్న్ బతూతా. ఢిల్లీ వచ్చి మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా కుదురుకోక ముందు, 1330ల మొదట్లో, అతను ఐదిన్ రాజ్యంలో తిరిగాడు. ఆ తుగ్లకే యువరాజుగా 1323లో ఓరుగల్లును పట్టినవాడు. అప్పటికి ఉమూర్‌కు పద్నాలుగేళ్ళు.

ఇబ్న్ బతూతా బిర్గిలో ముసలి మెహ్మెద్‌ను కలిశాడు. ఎండలకు తాళలేక మెహ్మెద్ కొండమీద విడిది చేసి ఉన్నాడు. ఆకాశం నుంచి పడిన రాయిని ఎప్పుడైనా చూశావా అని అడిగి, నల్లటి ఉల్క ఒకటి తెప్పించి చూపించాడట. రాళ్ళు కొట్టేవాళ్ళు ఇనప సుత్తులతో మోదినా దాని మీద గీత పడలేదట. ఈ ముచ్చట అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది అతను అందుకున్న కానుకల పట్టీ. వెళ్ళేటప్పుడు మెహ్మెద్ బంగారం, వెండి నాణేలు, బట్టలు, ఒక గుర్రం ఇచ్చి, మిఖాయిల్ అనే గ్రీకు బానిసను కూడా ఇచ్చాడు. అయాసులుక్‌లో ఖిజిర్‌కు సలాం చేసేటప్పుడు మనవాడు గుర్రం దిగలేదు. దానికి ఖిజిర్ అలిగి ఒక్క పట్టు వస్త్రంతో సరిపెట్టాడు. అదే ఊళ్ళో ఇబ్న్ బతూతా 40 బంగారు దీనార్లు పెట్టి ఒక గ్రీకు అమ్మాయిని కొనుక్కున్నాడు. ఇజ్మిర్ వెళితే ఉమూర్ బిడారం దగ్గరికి స్వయంగా వచ్చి పలకరించాడు, మర్యాద చేశాడు. రెండు పట్టు బట్టలతో పాటు నికోలా అనే మరుగుజ్జు గ్రీకు బానిసను పంపాడు. ఈ కుర్ర బే ఎంత ఉదారుడో, ఎంత ధర్మాత్ముడో, కాఫిర్ల మీద ఎంత పట్టుదలగా పోరాడతాడో ఇబ్న్ బతూతా మనసారా రాశాడు.

ఆ ఉదారత ఎక్కడి నుంచి వస్తోందో అతని పట్టీలోనే ఉంది. అతను దాన్ని కలిపి చూడలేదు, అంతే. మనీసా చేరాక అతని బానిస కుర్రాడొకడు గుర్రాలకు నీళ్ళు పట్టే వంకతో ఇంకో కుర్రాణ్ణి తోడు తీసుకుని పారిపోయాడు. క్రైస్తవుల చేతిలో ఉన్న ఫోచా వైపు, అంటే పైన చెప్పిన ఫోకియా. మర్నాడు పట్టుకొచ్చారు. ఆ కుర్రాడి పేరు రాయలేదు. గుర్రాలు దొరికాయని మాత్రం రాశాడు.

ఇదీ ఆ రాజ్యం బతికిన తీరు. కుచుక్ మెందెరెస్ లోయలో ధాన్యం, పండ్లు, గుర్రాలు. ఆ పైన దాడుల్లో దొరికిన మనుషులు. వీటిని కొనేది ఎవరు? ఎక్కువగా క్రైస్తవులే. క్రీటులోని వెనిస్ అధికారులు 1337లో ఐదిన్‌తో వర్తకపు ఒప్పందం రాసుకున్నారు. ఈ కుటుంబం ఎఫెసస్‌లో ముద్రించిన వెండి నాణేలు నేపుల్స్ నాణేలకు నకళ్ళు, వాటి మీద రాతలు లాటిన్‌లో. గాజీ రాజ్యపు వెండి మీద శిలువ గుర్తు, లాటిన్ అక్షరాలు! ఇటలీ వర్తకుడు ఏ నాణెం చూసి చెయ్యి చాస్తాడో ఆ నాణెమే కొట్టారు. ఇందులో కపటం ఏమీ లేదు, వ్యాపారం. 1340 ప్రాంతంలో ఎఫెసస్‌కు పీఠాధిపతిగా వచ్చిన మాథ్యూ అనే గ్రీకు మతగురువు రాసుకున్న ఉత్తరాలు చూస్తే ఇంకో వైపు కనిపిస్తుంది. అతని పెద్ద చర్చి అప్పటికే మసీదు. అతనికి దక్కింది చిన్న ఇల్లు, కొద్దిపాటి నేల, పట్టుమని పదిమంది లేని పూజారులు, ఊరినిండా బందీలు. అయినా ఉమూర్ అతన్ని తరిమెయ్యలేదు. ఉండనిచ్చాడు.

ఇక ఆ స్నేహం సంగతి. ఉమూర్ కథలో అందరికీ ఇష్టమైన భాగం ఇదే.

1335 ప్రాంతంలో బైజాంటైన్ చక్రవర్తి మూడో ఆంద్రోనికస్ జెనోవా వాళ్ళ మీదికి బయల్దేరి, తురుష్కుల సాయం కోరాడు. ఇజ్మిర్‌కు పడమటి తీరంలో కలుసుకుని ఒప్పందం చేసుకున్నారు. చక్రవర్తి పక్కనే అతని కుడిభుజం జాన్ కాంతకుజెనోస్ ఉన్నాడు. బాగా చదువుకున్నవాడు, డబ్బున్నవాడు, మాటకారి. అతనికీ ఉమూర్‌కూ ఎలా కుదిరిందో గానీ గట్టిగా కుదిరింది. 1341లో ఆంద్రోనికస్ చనిపోయి, పసివాడైన వారసుడి పేరున ఎవరు ఏలాలన్న గొడవ లేచింది. కాంతకుజెనోస్ ఆ అక్టోబరులో, కాన్‌స్టాంటినోపుల్‌కు పడమట ఐరోపా వైపున్న త్రేస్‌లోని దిదిమోతికోలో తానే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అతను సెర్బియా రాజు దగ్గర తలదాచుకుంటున్నాడు. భార్య ఈరీన్ దిదిమోతికోలో ముట్టడిలో చిక్కుకుంది. ఆమె కబురు పంపింది ఎవరికి? ఉమూర్‌కు.

1342 చివర, నడి చలికాలంలో, ఉమూర్ ఓడలు ఎక్కాడు. 380 ఓడలు, 29,000 మంది అని కాంతకుజెనోస్ తన చరిత్రలో రాశాడు. రాజులు తమ మిత్రుల బలం లెక్కకట్టేటప్పుడు చెయ్యి కాస్త ధారాళంగానే ఉంటుంది కాబట్టి ఆ అంకెను నేను సగానికి సగం తగ్గించే చదువుతాను. అయినా పెద్ద దండే. మారిత్స నది ముఖంలో ఓడలు వదిలి, నది వెంట నడిచి దిదిమోతికో చేరాడు. ముట్టడి వేసినవాళ్ళు తప్పుకున్నారు. స్నేహితుణ్ణి వెతుక్కుంటూ ఇంకా ముందుకు పోవాలనుకున్నాడు గానీ చలి పోనివ్వలేదు. వందలమంది మంచులో చచ్చారు. ఈరీన్ లోపలికి రమ్మని పిలిస్తే, నా మనుషులు బయట చలికి వణుకుతుంటే నేనెలా వస్తానన్నాడని అప్పటి గ్రీకు చరిత్రకారుడు గ్రెగొరాస్ చెబుతాడు. ఈ గ్రెగొరాస్ తురుష్కుల్ని మెచ్చుకునే రకం కాదు. అలాంటివాడు రాశాడంటే నమ్మాలనిపిస్తుంది.

1465లో ఎన్వెరీ అనే కవి తుర్కీలో రాసిన 'దస్తూర్‌నామా' అనే పద్య చరిత్రలో ఇంకో కథ ఉంది. కాంతకుజెనోస్ తన ముగ్గురు కూతుళ్ళలో ఒకరిని పెళ్ళాడమంటాడు. నువ్వు నాకు అన్నవు, నీ కూతురు నాకూ కూతురే, అది నాకు తగదు అంటాడు ఉమూర్. జరిగిందో లేదో గానీ, ఇలాంటి కథ మతయుద్ధ వీరుడి గురించి పుట్టడమే వింత.

దీన్ని పట్టుకుని కొందరు, చూశారా, మతాలకు అతీతమైన స్నేహం అని కన్నీళ్ళు పెట్టేసుకుంటారు. గాజీ వేషం తీసి త్యాగమూర్తి వేషం తొడగడం అన్నమాట. ఈ రెండో వేషం మీద కూడా నాకు నమ్మకం లేదు. 1342, 1343, 1345: వచ్చిన ప్రతిసారీ ఉమూర్ మనుషులకు జీతం ఎవరిచ్చారు? కాంతకుజెనోస్ ఖజానా ఖాళీ. అతని ఆస్తులు ప్రత్యర్థులు జప్తు చేసేశారు. మరి వేలమంది సముద్రం దాటి ఎందుకొచ్చారు? త్రేస్ పల్లెల్లో దొరికిన పశువులూ మనుషులే వాళ్ళ జీతం. స్నేహితుడు తన శత్రువుల ఊళ్ళు చూపించాడు, వీళ్ళు ఊడ్చుకుపోయారు. ఆ శత్రువుల ఊళ్ళు కూడా కాంతకుజెనోస్ ఏలాలనుకుంటున్న ఊళ్ళే, అతని భాష మాట్లాడే, అతని దేవుణ్ణే మొక్కే రైతులవి. స్నేహం నిజమే. దాని ఖర్చు మాత్రం ఇద్దరిలో ఎవరూ పెట్టుకోలేదు.

అప్పటి యుద్ధాలన్నీ అంతేగా, అందరూ బానిసల్ని పట్టారుగా, ఉమూర్‌నే ఎందుకు తప్పుపట్టడం అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, జెనోవా వాళ్ళు నల్లసముద్రం నుంచి ఓడలకొద్దీ మనుషుల్ని తోలారు. నేనేమీ ఉమూర్‌ను ఒక్కణ్ణే బోనెక్కించడం లేదు. బోను వద్దు, పీఠం కూడా వద్దు అంటున్నా. గాజీ అంటే ఆ రోజుల్లో పట్టూవిడుపూ ఉన్న బిరుదేననీ, క్రైస్తవులతో పొత్తు దానికి అడ్డు కాదనీ కొందరు చరిత్రకారులు సర్దిచెబుతారు. కావచ్చు. ఒక చక్రవర్తితో పోరాడినా గాజీయే, అదే చక్రవర్తి కోసం పోరాడినా గాజీయే అయితే, ఉమూర్ ఏ పని ఎందుకు చేశాడో తెలుసుకోవడానికి ఆ బిరుదు మనకేం పనికొచ్చినట్టు?

1345 వేసవిలో అతను ఆఖరిసారి త్రేస్ వచ్చాడు. ఆ జూలైలో పెరిథియోరియన్ గోడల కింద చంపింది ఎవరిని? మొంచిల్ అనే బల్గేరియా బందిపోటు దొరను. రొడోపి కొండల్లో సొంత రాజ్యం కట్టుకుంటున్నవాడు, రెండు వైపులా బిరుదులు పుచ్చుకుని ఇద్దరినీ మోసం చేసినవాడు, అంతకుముందు ఉమూర్ ఓడల్ని తగలబెట్టినవాడు. బల్గేరియా జానపద గీతాల్లో మొంచిల్ ఇప్పటికీ వీరుడే. ఉమూర్, మొంచిల్: ఇద్దరి బతుకుతెరువూ ఒకటే. ఒకరికి సముద్రం, ఒకరికి కొండలు.

ఈ ఆఖరి ప్రయాణంలో ఉమూర్ ఓడల్లో రాలేదు. భూమ్మీద, పక్క రాజ్యం సరుహాన్ గుండా వాళ్ళ అనుమతి తీసుకుని, వాళ్ళ యువరాజును వెంటబెట్టుకుని రావాల్సి వచ్చింది. ఓడలు లేవు కాబట్టి. ఆరో క్లెమెంట్ పోపు పోగుచేసిన నౌకాదళం, వెనిస్, సైప్రస్, రోడ్స్ ద్వీపపు హాస్పిటలర్ యోధులు (క్రైస్తవ సన్యాసి సైనికులు) అంతా కలిసి ఇరవై, ఇరవై అయిదు ఓడలు, 1344 అక్టోబరు 28న ఇజ్మిర్ కింది కోటను పట్టేసింది. రేవులో ఉన్న ఓడలు కాలిపోయాయి. ఆ దళంలో మార్తీనో జకరియా ఉన్నాడు! పదిహేనేళ్ళ కిందట ఆ కోట పోగొట్టుకున్నవాడు, మధ్యలో చాలా ఏళ్ళు బైజాంటైన్ చెరసాలలో గడిపినవాడు, పోపు ఖర్చుతో తన ఆస్తి తాను తెచ్చుకోవడానికి వచ్చాడు. అతన్ని మాత్రం ఎవరూ మతవీరుడనే భ్రమలో లేరు. 1345 జనవరి 17న రెండు కోటల మధ్య ఉన్న పాత చర్చిలో క్రైస్తవ నాయకులు ప్రార్థన జరుపుతుంటే ఉమూర్ మీదపడ్డాడు. పోపు ప్రతినిధి హెన్రీ, వెనిస్ సేనాని పియెత్రో జేనో, జకరియా ముగ్గురూ అక్కడే పోయారు. కోట మాత్రం తిరిగి రాలేదు. పైన తురుష్కులు, కింద క్రైస్తవులు. ఈ ఏర్పాటు 1402లో తైమూర్ వచ్చి కింది కోటను నేలమట్టం చేసేదాకా సాగింది.

ఈ కోట పోవడం వల్ల లాభపడింది ఎవరో చూడండి. ఉమూర్ చేతిలో సముద్రం లేకపోయాక కాంతకుజెనోస్‌కు ఇంకో తురుష్క మిత్రుడు కావాల్సి వచ్చాడు. దగ్గర్లో, ఇరుకైన జలసంధికి అవతల, ఒర్హాన్ ఉన్నాడు. 1346లో కూతురు థియొడోరాను ఒర్హాన్‌కిచ్చి పెళ్ళి చేశాడు. ఒర్హాన్‌కు ఉమూర్ లాంటి మొహమాటాలు లేవు. 1347లో కాంతకుజెనోస్ రాజధానిలో అడుగుపెట్టాడు. 1352 నాటికి ఒర్హాన్ కొడుకు సులేమాన్ మనుషులు ఐరోపా ఒడ్డున ఒక కోటలో తిష్ఠ వేశారు. 1354 మార్చిలో భూకంపం వచ్చి గలిపొలి గోడలు కూలితే రాత్రికి రాత్రి ఊళ్ళోకి దూరి, ఇక కదలం అన్నారు. ఉమూర్ వచ్చేవాడు, దోచుకునేవాడు, తిరిగి ఇంటికి పోయేవాడు. వీళ్ళు పోలేదు. సముద్రం మీద బలమైన తురుష్కుణ్ణి పడగొట్టి, భూమ్మీద ఓపికున్న తురుష్కుడికి పోపు దారి తీశాడు. ఆటోమన్లు ఎదగడానికి ఇదొక్కటే కారణమని నేను అనను. కానీ ఇజ్మిర్ రేవు ఊసే లేకుండా ఆ ఎదుగుదల కథ చెప్పడం నాకు కుంటినడకలా తోస్తుంది.

ఇంత చెప్పాక ఒక్క సంగతి వదిలేస్తే తెలుగువాళ్ళకు అన్యాయం చేసినట్టే. ఉమూర్ కృతిభర్త కూడా. కుల్ మెసూద్ అనే రచయిత పారశీకం నుంచి తుర్కీలోకి 'కలీలా దిమ్నా' కథల్ని తెచ్చి ఉమూర్‌కు అంకితమిచ్చాడు. ఆ కథలు మన పంచతంత్రమే. కరటకుడు కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. సంస్కృతం నుంచి పహ్లవి, అక్కడి నుంచి అరబ్బీ, తర్వాత పారశీకం, చివరికి ఏజియన్ ఒడ్డున తుర్కీ. చిన్నయసూరి మిత్రభేదంలో మనం బడిలో చదువుకున్న ఆ సింహం, ఎద్దు, వాళ్ళ మధ్య పుల్లలు పెట్టే నక్క, ఉమూర్ కొలువులోనూ తిరిగాయి. అరబ్బీ, పారశీకం పండితుల మాటలు. ఉమూర్ లాంటి బేలు ఇంట్లో మాట్లాడింది తుర్కీ. తమ భాషలో పుస్తకాలు కావాలని వాళ్ళు అడిగారు కాబట్టే అనటోలియాలో తుర్కీ రాత నిలబడింది. దాడులకంటే ఈ పనే ఎక్కువ కాలం నిలిచింది. ఉమూర్ గొప్పతనం ఏమిటని ఎవరైనా నన్ను నిలదీస్తే నేను ముందు చెప్పేది ఇదే.

1348 వసంతంలో కింది కోట మీదికి మళ్ళీ వెళ్ళాడు. గోడ దగ్గర బాణం తగిలి చనిపోయాడు. బిర్గిలో తండ్రి పక్కన పాతిపెట్టారు. అన్న ఖిజిర్ ఆగస్టులోనే క్రైస్తవ కూటమితో సంధి మాట్లాడుకున్నాడు: రేవు సుంకంలో సగం వాళ్ళకు, యుద్ధనౌకలు ఒడ్డెక్కించాలి. తమ్ముడు పదిహేనేళ్ళు కాచుకున్నదాన్ని మూడు, నాలుగు నెలల్లో వదిలేశాడని ఖిజిర్‌ను ఆడిపోసుకోవడం తేలిక. అతను ఎఫెసస్‌లో కూర్చుని వెనిస్ వాళ్ళకు ధాన్యం అమ్ముకునే మనిషి. అతని లెక్క అతనిది. 1390లో ఆటోమన్ బాయెజీద్ ఈ రాజ్యాన్ని కలిపేసుకున్నప్పుడు చివరి తమ్ముడు ఈసా పెద్దగా ఎదురు తిరగలేదు. కూతురు హఫ్సా బాయెజీద్ భార్య అయింది.

ఎన్వెరీ కావ్యం పుట్టింది ఆ తర్వాత మూడు తరాలకు. అందులో ఉమూర్ దండయాత్రలు ఒక్కొక్కటీ పండగలా సాగుతాయి. పట్టుకొచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు, వాళ్ళను వీరులు పంచుకోవడం, అన్నీ విజయానికి గుర్తులే. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు రెండో మెహ్మెద్ ప్రధాన వజీరు మహమూద్ పాషా. బాల్కన్లలో క్రైస్తవ ఇంట పుట్టి, చిన్నప్పుడే ఆటోమన్ సైనికుల చేతికి చిక్కి, సుల్తాను కొలువులో పెరిగినవాడు. అంటే ఆ బందీల్లాంటివాడే. ఎన్వెరీకి గానీ, కృతిభర్తకు గానీ ఇందులో ఇబ్బంది ఏమీ కనిపించినట్టు లేదు. గాజీ ఉమూర్ అన్న బొమ్మను మనకు అందించింది ముఖ్యంగా ఆ పద్యాలే.